‘మీకు ఆటిజం ఏంటండీ, బాగానే మాట్లాడుతున్నారుగా!’

ముప్పై అయిదేళ్లకో, నలభై అయిదేళ్లకో ఒకావిడ డాక్టరు ఎదుట కూర్చుని ‘నాకు ఆటిజం ఉందేమో చూడండి’ అని అడిగితే, తరచుగా వచ్చే జవాబు ఒకటుంది. ‘మీకా? బాగానే మాట్లాడుతున్నారుగా. కళ్లలోకి చూస్తున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, సంసారం నడుపుకొస్తున్నారు. ఇంకేంటి?’ ఆ మాట మంచి మనసుతో అన్నదే కావచ్చు. కానీ ఆమె అడిగింది ఒకటి, ఆయన చూసింది ఇంకొకటి. ఇవన్నీ చేయగలుగుతోందని ఆమెకూ తెలుసు. ఎలా చేస్తోంది, చేశాక ఆమెలో ఏం మిగులుతోంది అన్నది ఎవరూ అడగలేదు. పెద్దవయసు ఆడవాళ్ల ఆటిజం నిర్ధారణలో ఉన్న చిక్కులు చాలావరకు ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలవుతాయి.

ముందు వైద్యులు ఆటిజం అని దేన్ని అంటారో చూద్దాం. అది జబ్బులా మధ్యలో వచ్చి పోయేది కాదు. పుట్టుక నుంచీ మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. కుటుంబాల్లో నడుస్తుంది, పెద్ద పెద్ద అధ్యయనాలు ఇందులో వారసత్వం పాత్ర 80 శాతం చుట్టుపక్కల ఉంటుందని అంచనా కట్టాయి. కొడుక్కో కూతురికో పరీక్షలు జరుగుతున్నప్పుడు ఆ ప్రశ్నపత్రాలు నింపుతూ ‘ఇందులో వింతేముంది, నేనూ ఇంతేగా’ అని తల్లి చెయ్యి ఆగిపోవడం అందుకే అంత మామూలు. పెద్దయ్యాక పరీక్షకు వచ్చే ఆడవాళ్లలో ఇలా పిల్లల ఫైలు వెనకాలే వచ్చేవాళ్లు చాలామంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం లక్షణాలు రెండు వైపులా కనిపించాలి. మొదటిది మనుషులతో వ్యవహారం: మాటల్లో ఇచ్చిపుచ్చుకోవడం, చూపూ గొంతూ హావభావాలూ, స్నేహాలు చేసుకోవడం, నిలుపుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండోది ఒకే తీరును పట్టుకుని ఉండటానికీ, పునరావృతానికీ సంబంధించినది: ఒకే కదలిక, ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం, మార్పును తట్టుకోలేకపోవడం, ఏదో ఒక విషయంలో మునిగిపోయేంత ఆసక్తి, వెలుతురు, చప్పుడు, స్పర్శ, వాసన లాంటివి అందరికన్నా ఎక్కువగానో తక్కువగానో తగలడం. ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. పైగా ఇవి చిన్నప్పటి నుంచీ ఉండాలి, రోజువారీ బతుకుకు నిజంగా అడ్డం పడుతుండాలి.

ఇంద్రియాల సంగతి ఈ పట్టికలోకి ఎక్కింది ఆ 2013 కూర్పులోనే. దాంతోపాటు ఇంకో వెసులుబాటు కూడా వచ్చింది. లక్షణాలు ఇప్పుడు కనిపించకపోయినా, గతంలో ఉన్నట్టు తేలితే లెక్కలోకి తీసుకోవచ్చు. చిన్నతనంలో మొదలైనా, మనుషుల మధ్య నెగ్గుకురావడానికి ఉన్న శక్తి చాలనప్పుడే అవి పూర్తిగా బయటపడవచ్చు, తర్వాత నేర్చుకున్న పద్ధతుల వెనక దాగి ఉండవచ్చు అని ఆ పుస్తకమే ఒప్పుకుంది. పెద్దవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, తలుపు తీసింది ప్రధానంగా ఈ మాటే. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు ఇది తెలుసా లేదా అన్నదాని మీద ఫలితం చాలా ఆధారపడుతుంది.

దాగి ఉండటం అంటే ఏంటో కాస్త దగ్గరగా చూద్దాం. ఒకావిడ ఒక ఆఫీసుకు ఫోన్ చేసి తేదీ మార్పించుకోవాలి. రెండు నిమిషాల పని. ముందు కాగితం తీసుకుని మొదటి వాక్యం రాసుకుంటుంది: ‘నమస్కారమండీ, నా పేరు ఫలానా.’ అవతలివాళ్లు ‘ఏ తేదీ కావాలి’ అంటే చెప్పాల్సింది ఒకటి, ‘కుదరదు’ అంటే ఇంకొకటి, ‘లైన్లో ఉండండి’ అంటే ఏం చేయాలో కూడా బాణం గీసి పెట్టుకుంటుంది. గొంతులో నవ్వు ఎక్కడ రావాలో రెండుసార్లు పైకి అని చూసుకుంటుంది. ఫోన్లో అంతా సాఫీగా జరిగిపోతుంది. అవతలి మనిషికి ‘ఎంత కలుపుగోలు మనిషో’ అనిపిస్తుంది కూడా. పెట్టేశాక ఆమె లైటు తీసేసి ముప్పావుగంట కళ్లు మూసుకుని పడుకుంటుంది. ‘ఫోన్లో మాట్లాడటం ఇబ్బందా?’ అని ఎవరైనా అడిగితే, నిజాయితీగానే ‘లేదండీ, మాట్లాడతాను’ అంటుంది. కాగితం సంగతి వాళ్లు అడగరు. లోకమంతా ఇలాగే ఫోన్ చేస్తుందనుకుంటుంది కాబట్టి ఆమె చెప్పదు.

అబ్బాయిల కొలతలు

ఈ గుడ్డితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి ఆటిజం గురించి రాసిన ప్రసిద్ధ పత్రంలో 11 మంది పిల్లలుంటే, అందులో 8 మంది అబ్బాయిలు, ముగ్గురే అమ్మాయిలు. మరుసటి ఏడాది వియన్నా నుంచి పిల్లల వైద్యుడు హాన్స్ ఆస్పర్గర్ వివరంగా వర్ణించిన నలుగురూ అబ్బాయిలే. అమ్మాయిల్లో ఈ లక్షణాల పూర్తి రూపం తనకు కనబడలేదని, కానీ ఆ పిల్లల తల్లుల్లో కొందరిలో మాత్రం కనబడిందని ఆస్పర్గరే రాశాడు. బహుశా ఆడవాళ్లలో ఇది ఈడు వచ్చాకే బయటపడుతుందేమో అని ఒక ఊహ వదిలి ముందుకు వెళ్లిపోయాడు. ఆ తల్లులు గదిలోనే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో.

వీళ్లిద్దరికన్నా ముందే, 1925లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు అబ్బాయిలను ఇప్పుడు మనం ఆటిజం అనే దానికి ఎంతో దగ్గరగా వర్ణించింది. రెండేళ్ల తర్వాత అమ్మాయిల గురించి విడిగా మరో పత్రం రాసింది. అబ్బాయిల్లో, అమ్మాయిల్లో తేడాలు ఉండవచ్చని గమనించిన మనిషి ఆమె. అయితే ఆమె మొదటి పత్రమే 1996 దాకా ఇంగ్లీషులోకి రాలేదు. ఆ రెండో పత్రాన్ని పట్టించుకున్నవాళ్లు ఇంకా తక్కువ.

తర్వాత 1981లో బ్రిటిష్ మనోవైద్యురాలు లోర్నా వింగ్ ఆస్పర్గర్ పనిని ఇంగ్లీషు లోకానికి పరిచయం చేసింది. ఆటిజం ఉన్న కూతురిని పెంచిన తల్లి కూడా ఆమె. అప్పటి లెక్కల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. తీవ్రమైన మేధో వైకల్యం కూడా ఉన్నవాళ్లలో ఒక అమ్మాయికి ఇద్దరు అబ్బాయిలు. తెలివితేటలు మామూలుగా ఉన్నవాళ్లలో ఒక అమ్మాయికి 15 మంది అబ్బాయిలు. మాటా చదువూ బాగా వచ్చే అమ్మాయిలకు ఆటిజం రాదని దీన్ని చదవొచ్చు. అలాంటి అమ్మాయిలు ఎవరి కంటా పడటం లేదని కూడా చదవొచ్చు. దశాబ్దాల పాటు మొదటి పద్ధతిలోనే చదివారు. 2017లో 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ, ఎప్పుడూ చెప్పుకునే నాలుగుకు ఒకటి అన్న నిష్పత్తి నిజానికి మూడుకు ఒకటి దగ్గర ఉంటుందని తేల్చింది. ఎక్కువ నమ్మదగిన అధ్యయనాల్లోనూ, నిర్ధారణ అయినవాళ్లనే లెక్కపెట్టకుండా జనంలోకి వెళ్లి వెతికిన అధ్యయనాల్లోనూ తేడా తగ్గింది. అంటే కొందరు అమ్మాయిలు పరీక్ష గది దాకా రావడమే లేదు.

ఇది ఒక విషవలయం. అబ్బాయిలను చూసి లక్షణాలు రాశారు, ఆ లక్షణాలతో ప్రశ్నపత్రాలు తయారుచేశారు, ఆ ప్రశ్నపత్రాలకు మళ్లీ అబ్బాయిలే ఎక్కువగా దొరికారు. 2001లో వచ్చిన, ఇప్పటికీ ఎక్కువగా వాడే ఏక్యూ అనే 50 ప్రశ్నల పత్రమే తీసుకోండి. అందులో కార్ల నంబర్ ప్లేట్లు గమనిస్తారా, అంకెలంటే, తేదీలంటే ఆసక్తా అని అడుగుతారు. ఆటిజం ఉన్న అమ్మాయి పట్టు ఒక్కోసారి వేరే చోట ఉంటుంది: ఒక నవలా లోకంలోని పాత్రల వంశవృక్షం, ఒక గాయని చేసిన ప్రతి రికార్డింగు, కుక్కలు, చరిత్రలో ఒక రాణి, మనుషుల మనస్తత్వం. విషయం చూస్తే ఏ ఆడపిల్లకైనా ఉండేదే అనిపిస్తుంది. గాఢత చూస్తే తెలుస్తుంది. ఆకలి, నిద్ర మర్చిపోయి, పట్టికలు రాసుకుని, ఎవరైనా మధ్యలో ఆపితే ఒళ్లు నొప్పి పుట్టినంత పనవడం మామూలు ఇష్టం కాదు. రైళ్ల టైమ్‌టేబుల్ బట్టీపట్టిన అబ్బాయిని వెంటనే గుర్తించే కళ్లు, ఈ పిల్లని ‘పుస్తకాల పురుగు’ అని ముద్దుగా పిలిచి వదిలేస్తాయి.

దీనికి తోడు పెంపకం. గదిలో మూల కూర్చున్న అబ్బాయిని ‘వాడి లోకం వాడిది’ అని వదిలేసే పెద్దలు, అమ్మాయిని మాత్రం ‘నవ్వుతూ పలకరించు, అలా మొహం పెట్టకు’ అని దిద్దుతూనే ఉంటారు. ఆమె దిద్దుకుంటుంది. క్లాసులో అందరూ ఇష్టపడే ఒక పిల్లను ఎంచుకుని ఆ పిల్ల నడక, నవ్వు, ఊతపదాలు అచ్చుగుద్దినట్టు దింపుకుంటుంది. దీన్నే ఇప్పుడు మాస్కింగ్ అంటున్నారు. 2019లో దీన్ని కొలవడానికి క్యాట్‌క్యూ అనే 25 ప్రశ్నల పత్రం వచ్చింది. అది మూడు రకాల పనులను విడదీసి చూస్తుంది: రానిదాన్ని ముందే తయారై కూడదీసుకోవడం, ఉన్నదాన్ని దాచుకోవడం, ఇమడని చోట ఇమిడినట్టు నటించడం. మాస్కింగ్ మగవాళ్లూ చేస్తారు, ఆటిజం లేనివాళ్లూ కొంత చేస్తారు. ఈ స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు. మిగతా పరీక్షల్లో స్కోరు ఎందుకు తక్కువ వచ్చిందో చెప్పడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

దాని ఖరీదు చిన్నది కాదు. మాస్కింగ్ ఎక్కువగా చేసేవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉంటున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామంది ఏళ్ల తరబడి లాక్కొచ్చి ఒక మలుపులో కూలిపోతారు: కాన్పు తర్వాత, ప్రమోషన్ వచ్చాక, కుటుంబంలో ఒకరి జబ్బుతో, నెలసరి ఆగిపోయే వయసులో. నిన్నటిదాకా చేసిన పనులు ఇవాళ చేతకావు. మాటలు రావు, చిన్న చప్పుడు కూడా భరించలేరు, నిద్ర లేచినా అలసట పోదు. చుట్టూ ఉన్నవాళ్లకు ఇది ఉన్నట్టుండి వచ్చిన జబ్బులా కనిపిస్తుంది. (ఇది చదువుతున్న మీకు ఇప్పుడే ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే, ఆటిజం పరీక్ష దాకా ఆగొద్దు. ఇవాళే డాక్టరుకో, సహాయ కేంద్రానికో, నమ్మకమైన మనిషికో చెప్పండి. మిగతాది తర్వాత.)

ముందే అంటించిన పేర్లు

పెద్దయ్యాక పరీక్షకు వచ్చే ఆడవాళ్ల చేతిలో సాధారణంగా ఖాళీ ఫైలు ఉండదు. ఆందోళన, డిప్రెషన్, ఓసీడీ, తిండికి సంబంధించిన రుగ్మత, బైపోలార్, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావాలూ బంధాలూ నిలకడగా ఉండని స్థితి), వీటిలో రెండు మూడు పేర్లు అప్పటికే రాసి ఉంటాయి. అవన్నీ తప్పు కానక్కర్లేదు. ఆటిజం ఉన్నవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ నిజంగానే ఎక్కువ. ఏకాగ్రతా కుదురూ నిలవని ఏడీహెచ్‌డీ కూడా చాలామందిలో కలిసే ఉంటుంది. 2013కు ముందు ఆటిజాన్నీ దాన్నీ ఒకే మనిషికి రాయడానికి డీఎస్‌ఎం నియమాలే ఒప్పుకునేవి కావు. అందుకే ఆ కాలంలో ఒక పేరు వచ్చినవాళ్లకు రెండోది చూసే పనే పెట్టుకోలేదు.

కష్టమంతా పైకి ఒకేలా కనిపించేవాటిని విడదీయడంలో ఉంది. పదిమందిలో మాట్లాడలేకపోవడం సోషల్ యాంగ్జైటీలోనూ ఉంటుంది, ఆటిజంలోనూ ఉంటుంది. ‘అందరూ నా గురించి ఏమనుకుంటారో’ అన్న భయం మొదటిదానికి మూలం. ఇంట్లో సొంతవాళ్లతో ఆ మనిషి హాయిగా కబుర్లాడుతుంది. రెండోదానిలో భయం లేకపోయినా మాట ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆపాలో లెక్క అందదు. ఏళ్లపాటు అందక, వెక్కిరింతలు పడి, ఆ మీదట భయం కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు రెండూ ఉంటాయి. ఏది ముందు వచ్చిందో చెప్పేది చిన్నతనమే.

బోర్డర్‌లైన్ పేరు గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. ఆ పేరు ఆడవాళ్లకు తేలిగ్గా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే వదలదు. కోపమో ఏడుపో ఆపుకోలేని స్థితి, తనను తాను గాయపరచుకోవడం, ‘నేనెవరో నాకే తెలియట్లేదు’ అనడం రెండింటిలోనూ కనిపిస్తాయి. కానీ ఆ తుపాను దేనితో మొదలైందని అడిగితే దారి విడిపోతుంది. ‘వాళ్లు నన్ను వదిలేసి వెళ్లిపోతారేమో’ అన్న భయంతో మొదలైందా? లేక గంటల తరబడి ట్యూబులైట్ల కింద, ముగ్గురు ఒకేసారి మాట్లాడే గదిలో కూర్చుని, చివరికి అనుకున్న పని వేళ మారిపోయేసరికి మొదలైందా? ‘నేనెవరో తెలియట్లేదు’ అన్న మాట కూడా, ముప్పై ఏళ్లు ఇంకొకరి నవ్వు అరువు తెచ్చుకున్న మనిషి నోట్లో వేరే అర్థంతో వస్తుంది. మనసుకు తగిలిన గాయాల వల్ల వచ్చే పీటీఎస్‌డీ ఇంకో చిక్కుముడి. ఆటిజం ఉన్న ఆడపిల్లలు వేధింపులకు ఎక్కువగా గురవుతారు కాబట్టి రెండూ తరచుగా కలిసే దొరుకుతాయి. ఒక గంట మాట్లాడి వీటన్నిటినీ విడదీసేస్తామనే వాళ్లను నేనైతే నమ్మను.

ఇదే మాట రెండో వైపు నుంచీ చెప్పాలి. జనంలో ఇబ్బందిపడే ప్రతివాళ్లకూ ఆటిజం ఉండదు. చిన్న వీడియోలో చెప్పిన అయిదు లక్షణాలు చాలామందికి సరిపోతాయి. ఆ వీడియో చూసి అనుమానం వచ్చినంత మాత్రాన సిగ్గుపడక్కర్లేదు, వచ్చిన అనుమానం నిజమైపోనూ అక్కర్లేదు. ‘కాదు, ఇది ఇంకొకటి’ అని చెప్పగలిగే పరీక్షే ‘అవును’ అన్నప్పుడు నమ్మదగ్గది.

వెళ్లే ముందు

ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్నపత్రాలతో మొదలుపెట్టడంలో తప్పులేదు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2012లో పెద్దవాళ్ల ఆటిజం గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, పది ప్రశ్నల ఏక్యూ-10లో 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పూర్తి పరీక్షకు పంపమంటుంది. రాడ్స్-ఆర్ అనే 80 ప్రశ్నల పత్రంలో ఒక మంచి ఏర్పాటుంది. ప్రతి ప్రశ్నకూ ‘ఇప్పుడూ నిజం, చిన్నప్పుడూ నిజం’, ‘ఇప్పుడే నిజం’, ‘16 ఏళ్లలోపే నిజం’, ‘ఎప్పుడూ కాదు’ అని నాలుగు జవాబులుంటాయి. పెద్దయ్యాక కప్పిపుచ్చుకున్నవి మూడో గడిలో బయటపడతాయి. అయితే దాన్ని తయారుచేసింది నిపుణుల దగ్గర కూర్చుని నింపడానికి. ఒంటరిగా నింపితే ఆటిజం లేనివాళ్లకు కూడా స్కోరు తేలిగ్గా ఆటిజం అనుమానానికి హద్దుగా పెట్టిన 65 దాటేస్తుంది. ఇంకో తిరకాసు ఏంటంటే, ప్రశ్నను ఉన్నదున్నట్టు తీసుకునే మనిషికి ఇలాంటి పత్రాలే నరకం. ‘పార్టీకన్నా లైబ్రరీకి వెళ్లడం ఇష్టమా’ అంటే ఏ పార్టీ, ఎవరున్నారు, లైబ్రరీ ఎంత దూరం అని ఇరవై నిమిషాలు ఆలోచించి చివరికి మధ్యలో ఎక్కడో టిక్కు పెడతారు. అలా తటపటాయించిన చోటల్లా పక్కన రెండు ముక్కలు రాసిపెట్టుకోండి. స్కోరు కన్నా ఆ రాతే ఎక్కువ చెబుతుంది.

పరీక్ష ఎవరు చేస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ చోట్ల సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ, ఇద్దరూ కలిసి గానీ చేస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే అడగాల్సినవి అడగడానికి మొహమాటపడొద్దు. పెద్దవాళ్లను చూస్తారా, పిల్లలనేనా? ఆటిజం ఉన్న ఆడవాళ్లను ఇంతకుముందు చూశారా? మాస్కింగ్‌ను ఎలా లెక్కలోకి తీసుకుంటారు? అమ్మానాన్నలు రాలేకపోతే ఏం చేస్తారు? ఎన్ని సిట్టింగులు, చివరికి రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారా? ఈ ప్రశ్నలకు చిరాకు పడేవాళ్ల దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. రక్త పరీక్షతోనో మెదడు స్కానుతోనో ఆటిజం ఉందో లేదో తేల్చేస్తామనే చోటుకు అసలే వెళ్లొద్దు. అలా తేల్చే పరీక్ష ఇప్పటిదాకా లేదు. ఫిట్స్ లాంటి వేరే అనుమానం ఉండి చేయిస్తే అది వేరే సంగతి.

ఇక తీసుకెళ్లాల్సింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఉన్న అతి ముఖ్యమైన భాగం ఇదే. గదిలోకి వెళ్లాక నోట మాట రాకపోవచ్చు, లేదా అలవాటు కొద్దీ నవ్వుతూ ‘పర్లేదండీ’ అనేస్తారు. కాబట్టి ముందే రాసుకోండి. ‘నాకు స్నేహాలు కష్టం’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ‘ఏడో తరగతిలో ముగ్గురు స్నేహితురాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు నాతో మాట్లాడటం మానేసి నెలైందని ఇంకొకరు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఎందుకు మానేశారో ఇప్పటికీ తెలియదు’ అని రాస్తే తెలుస్తుంది. ‘చప్పుడు పడదు’ అనే బదులు ‘మిక్సీ వేస్తే వేరే గదిలోకి వెళ్లిపోతాను, పెళ్లిళ్లలో ప్రతి అరగంటకూ బాత్రూమ్‌లోకి వెళ్లి చెవులు మూసుకుని నిలబడతాను’ అని రాయండి. డీఎస్‌ఎంలో చెప్పిన ఏడు అంశాలనూ (పైన చూసిన మూడూ, నాలుగూ కలిపి) తీసుకుని, ఒక్కోదానికి చిన్నప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి ఉదాహరణ రాయండి. దాని కింద ఇంకో వరస: పైకి మామూలుగా కనిపించడానికి ఏం చేస్తాను, ఆ తర్వాత నాకేమవుతుంది. ఫోన్ ముందు బాణాలు గీసుకున్న కాగితంలాంటివి ఇంట్లో ఉంటే అవే పట్టుకెళ్లండి. ఏడింటిలో కొన్నింటికి ఏమీ తోచకపోతే ఖాళీగా వదిలేయండి. లాక్కొచ్చి నింపితే అది మిమ్మల్నే తప్పుదారి పట్టిస్తుంది.

చిన్నతనం గురించి సాక్ష్యం కావాలి. తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఏడీఐ-ఆర్ అనే 93 అంశాల ఇంటర్వ్యూ ఒకటి ఉంది. నలభై అయిదేళ్ల మనిషి తల్లికి ఆ పిల్ల ఎన్నో నెలలో వేలితో చూపించిందో గుర్తుండటం కష్టమే. కొందరి తల్లిదండ్రులు లేరు, కొందరితో మాటల్లేవు, ఇంకొందరు ‘మా అమ్మాయి బంగారం, ఏ లోపమూ లేదు’ అని పట్టుబడతారు. ‘అందులో ఏముంది, నేనూ అంతే చేసేదాన్ని’ అనే తల్లులూ ఉంటారు, ఆ జవాబులో మీకు కావాల్సిన సమాచారం ఉండవచ్చు కూడా. వాళ్లు కుదరకపోతే అక్కో అన్నో పిన్నో చెప్పొచ్చు. స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన మాటలు, పాత డైరీలు, వీడియోలు పనికొస్తాయి. ‘తెలివైన పిల్ల, కానీ ఎవరితోనూ కలవదు’ అని ఏటా వేరే టీచరు ఒకే మాట రాసి ఉంటే అది మంచి ఆధారం. ఏదీ దొరకకపోయినా పరీక్ష ఆగిపోనక్కర్లేదు. సొంత జ్ఞాపకాలతో కూడా అనుభవం ఉన్నవాళ్లు చూడగలరు.

గదిలో

ఎక్కువగా వాడే సాధనం ఏడాస్-2. మాటలు బాగా వచ్చిన పెద్దవాళ్లకు అందులో నాలుగో మాడ్యూల్ (భాగం) వాడతారు; ముప్పావుగంట నుంచి గంట దాకా పడుతుంది. మాటల్లేని బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పమంటారు, స్నేహం గురించి, ఒంటరితనం గురించి, ఏది కోపం తెప్పిస్తుందనే దాని గురించి అడుగుతారు. మీరు చెప్పేదానితోపాటు ఎలా చెబుతున్నారో గమనిస్తారు: చూపు, చేతులు, ఎదుటివాళ్ల మాటను అందుకునే తీరు. ఇక్కడే మొదటి చిక్కు మళ్లీ వస్తుంది. ఒక గంటపాటు, ఒకే మనిషితో, ప్రశాంతమైన గదిలో, ప్రశ్నలు అవతలివాళ్లే అడుగుతుంటే, జీవితమంతా సాధన చేసిన మనిషి నెట్టుకొచ్చేయగలదు. అసలు పరీక్ష ఆమె ఇంటికెళ్లాక మొదలవుతుంది, దాన్ని చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు. అందుకే ఏడాస్ ఒక్కదానితోనే అవుననో కాదనో తేల్చడం సరికాదు. చిన్ననాటి చరిత్ర, ఇప్పటి బతుకు, ఇంద్రియాల తీరు, ఇతర మానసిక సమస్యలు, అన్నీ కలిపి చూసి నిపుణులు తీర్పుకు రావాలి.

ఆ పరీక్షలో ఏముంటుందో వెతికి ప్రాక్టీసు చేసి వెళ్లొద్దు. తెలియనిదంటే టెన్షన్ ఉన్నవాళ్లు ఎంతసేపు పడుతుంది, గదిలో ఎవరుంటారు, మధ్యలో ఆగొచ్చా అని క్లినిక్‌నే అడగొచ్చు. మంచి చోట్ల ముందే రాసి పంపుతారు. లైటు తగ్గించమని అడగండి. కళ్లలోకి చూడటం కష్టమైతే ఆ రోజు చూడకండి. చేతులు కదిలించాలనిపిస్తే కదిలించండి. ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క రోజులో పోదని మీకూ తెలుసు. అందుకే ‘నేను ఇప్పుడు నటిస్తున్నాను, ఆపడం నాకు రావట్లేదు’ అని ఆ క్షణంలోనే చెప్పేయండి. అనుభవం ఉన్నవాళ్లు దాన్నీ రాసుకుంటారు.

తర్వాత

‘అవును’ అని వస్తే చాలామందికి ముందు ఊపిరి ఆడుతుంది, కొన్ని వారాలకు దుఃఖం వస్తుంది. ఇది పదిహేనేళ్లప్పుడు తెలిసి ఉంటే అన్న లెక్కలు మొదలవుతాయి. కోపం కూడా వస్తుంది, తిట్టినవాళ్ల మీద, చూడనివాళ్ల మీద. ఈ గుంజాటనకు చోటివ్వండి. ఈ సమయంలో ఉద్యోగం, కాపురం లాంటివాటి మీద పెద్ద నిర్ణయాలు వెంటనే తీసుకోకపోవడం మంచిది. ఆటిజాన్ని మార్చే మందు లేదు. మారేది మిగతా వైద్యం. డిప్రెషన్‌కు చేసే థెరపీని ఈ మెదడుకు తగ్గట్టు మార్చవచ్చు. ‘జనంలోకి ఎక్కువగా వెళ్లండి, అదే అలవాటవుతుంది’ అనే సలహా ఎందుకు ప్రతిసారీ బెడిసికొట్టిందో అర్థమవుతుంది. అలసటకు విరుగుడుగా ఇంకొంచెం శ్రమ పెట్టే తప్పు ఆగుతుంది.

‘కాదు’ అని వస్తే, ఎందుకు కాదో అడగండి. ఏ అంశంలో ఆధారం చాలలేదు? దానికి బదులు ఏ వివరణ సరిపోతుందని అనుకుంటున్నారు? సూటిగా జవాబిస్తే, ఆ జవాబు మీ బతుక్కి సరిపోతే, మీరు వెతుకుతున్నది దొరికినట్టే, పేరు వేరైనా సరే. ఏడీహెచ్‌డీ అనో, పాత గాయమనో తేలితే దానికి దారులున్నాయి. కానీ కారణం ‘కళ్లలోకి చూశారు’, ‘పెళ్లయింది’, ‘జోకు వేశారు’ దగ్గరే ఆగితే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. ఖర్చు భరించలేక, దగ్గర్లో నిపుణులు లేక పరీక్షకే వెళ్లలేనివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి, రోజుకు ఒకే పని పెట్టుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

సంతకం అవసరమయ్యేది బయటి వ్యవస్థలతో పని పడినప్పుడు. ఆఫీసులో సర్దుబాట్లు, చదువులో అదనపు సమయం, చట్టం ఇచ్చే రక్షణ లాంటివాటికి రిపోర్టు అడుగుతారు. అదే కాగితం కొన్ని దేశాల్లో బీమా దగ్గర, కొన్ని రకాల ఉద్యోగాల దగ్గర, వీసాల దగ్గర, పిల్లల కస్టడీ వివాదాల్లో ఎదురు తిరగొచ్చు కూడా. కాబట్టి పరీక్షకు వెళ్లే ముందే మీరున్న చోట చట్టం ఏమంటుందో, రికార్డు ఎవరి చేతుల్లోకి వెళ్తుందో కనుక్కోవాలి. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఆఫీసులో ‘నాకు ఆటిజం’ అని చెప్పకుండా ‘మీటింగ్ విషయాలు ముందురోజే రాసి పంపితే బాగా పనిచేయగలను’ అని మాత్రం చెప్పినా చాలాసార్లు పని జరిగిపోతుంది. రిపోర్టు చేతికొచ్చాక అందులో పేరూ స్కోర్లతో సరిపెట్టారా, మీకు ఏ మార్పులు సాయపడతాయో కూడా రాశారా చూసుకోండి. రాయకపోతే అక్కడ కూర్చునే అడిగి రాయించుకోండి.